రెండో నంబరు బోర్డు

అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి సుమతి ఇంటికి ఎవరొచ్చినా, మేధ ఏం చేస్తోందని అడుగుతారు. సుమతి ప్లేట్లు సర్దుతూ, స్పోర్ట్స్ ఇండస్ట్రీలో ఉందండీ అంటుంది. అడిగినవాళ్ళు తల ఊపి సమోసా అందుకుంటారు. మూలనున్న కుర్చీలో కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను. మా మనవరాలు వడ్రంగం చేస్తుంది. మంచుకొండ మీద నిలబడి జారడానికి కాళ్ళకు బిగించుకునే పొడుగాటి చెక్కలుంటాయి, స్నోబోర్డులంటారు. వాటిని తన చేతుల్తో చేస్తుంది. మా ఇంట్లో ఉలి పట్టిన మొదటి ఆడది అది. రెండోదాన్ని నేను. ఒక్క పూటే పట్టాను, అయినా పట్టాను.

రెండు వేల పదిలో ఆర్నెల్లకని తణుకు నుంచి వచ్చి ఉన్నాను, ఆ సెప్టెంబరులో సుమతి నన్ను మేధ దగ్గరికి పంపింది. మేధ అంతకు రెండేళ్ళ ముందు శాంటా క్లారాలో ఉద్యోగం మానేసి, నాలుగు గంటల దూరాన ట్రకీ అనే కొండ ఊళ్ళో ఒక షెడ్డు తీసుకుంది. తల్లీకూతుళ్ళు పోట్లాడుకుని, మాటలు మానేసి, మళ్ళీ పోట్లాడుకుని, చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఆ క్రిస్మస్ లోపల ఒక్క షాపైనా మేధ బోర్డులు తీసుకోవాలి. తీసుకోకపోతే మేధ షెడ్డు ఖాళీ చేసి ఫ్రీమాంట్ వచ్చేసి మళ్ళీ ఉద్యోగం చూసుకోవాలి. అంతదాకా ఆగడం కూడా సుమతికి ఇష్టం లేదు. నువ్వు పెంచిన పిల్ల, నువ్వు చెబితే వింటుంది, పదిరోజులుండి తీసుకొచ్చెయ్యి అని నా మందుల డబ్బా, స్వెట్టర్లు సర్ది కారెక్కించింది.

నేను పెంచిన మాట నిజమే. నాలుగేళ్ళు వచ్చేదాకా మేధ తణుకులో మా దగ్గరే ఉంది. మా ఆయన వీరభద్రాచారి కొట్లో చెక్కపొట్టు గుట్టలో కూర్చుని ఆడుకునేది. తర్వాత తల్లిదండ్రులు వచ్చి అమెరికా తీసుకుపోయారు. బేగంపేట విమానాశ్రయంలో నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు. సుమతి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆ తర్వాత నేను చెల్లెలి ఊరికి రెండు రోజులకని వెళ్ళినప్పుడు, నేను పక్కన లేకుండానే మా ఆయన పోయారు. అప్పట్నించీ ఎవరు గుమ్మం దాటినా నా చేతులు చల్లబడతాయి. కనుమరుగయ్యేదాకా నిలబడి చూస్తాను. చేరగానే ఫోన్ చెయ్యమంటాను.

మేధ బోర్డు పట్టుకుని కొండ మీదికి బయల్దేరినప్పుడల్లా అదే మాట చెప్పేదాన్ని.

"అమ్మమ్మా, అక్కడ సిగ్నల్ ఉండదు. నేను డెడ్ అయితే వాళ్ళే నీకు కాల్ చేస్తారు, వర్రీ అవకు" అని నవ్వేది.

ఆ పిల్లకు నా భయం అర్థం కాదు. ఆ పిల్లను తీసుకుపోవాలని నేను మనసులో ఎంత కోరుకున్నానో కూడా దానికి తెలియదు. అందరూ ఒకే ఇంట్లో ఉండాలి, ఎవరూ ఎక్కడికీ పోకూడదు. నాకు కావలసింది అంతే.

కానీ షెడ్డులో అడుగు పెట్టగానే పచ్చిచెక్క వాసన కొట్టింది. ఎదురుగా గోడకు కొక్కెం, కొక్కేనికి మా ఆయన చిత్రిక. ఆయన పోయాక మేధ అడిగితే దాన్నీ, ఆయన వెడల్పు ఉలినీ నేనే చీరల మధ్య పెట్టి తెచ్చిచ్చాను. ఇంట్లో ఎక్కడో పడేసి ఉంటుందనుకున్నాను. చిత్రిక ఇనుపరేకు అంచు నూరి నూరి మెరుస్తోంది. బోర్డు ముక్కు దగ్గర చెక్క చాలా పల్చగా ఉండాలి, మిషన్‌తో ఎక్కువ తెగుతుందని నాకు భయం, చివరి నాలుగు వరసలు తాతయ్యదాంతోనే పడతాను అంది మేధ.

పదిరోజులు రెండు నెలలయ్యాయి. ఏదో ఒక వంక చెప్పి ఉండిపోయాను. మేధ పని చూడటం నాకు బాగుండేది. సన్నటి చెక్కబద్దలు పక్కపక్కన అంటించి పలక చేస్తుంది. దాన్ని చిత్రిక పట్టి నంబరు వేస్తుంది. పలకకు కిందా పైనా గాజునారతో నేసిన గుడ్డ వేసి, ఎపాక్సీ జిగురుతో తడిపి, అడుగున ప్లాస్టిక్ రేకు, చుట్టూ ఉక్కు అంచు, పైన పల్చటి వాల్‌నట్ చెక్క పొర పెట్టి, మంచమంత ఇనుప ప్రెస్సులో వేడి మీద బిగిస్తుంది. బయటికి తీసేసరికి అన్నీ కలిసి ఒకటే పలక అయిపోతాయి. ఎన్ని పొరలో కంటికి తెలియదు. చెక్క ఎంచేటప్పుడు నన్ను పిలిచేది. నేను వేలి కణుపుతో తట్టి, ఇది ఖంగుమంటోంది, ఇది డొల్ల అని చెప్పేదాన్ని. మా ఆయన కొట్లో నలభై రెండేళ్ళు ఆ చప్పుళ్ళు విన్నదాన్ని.

దసరా వచ్చింది. మా ఇళ్ళల్లో ఆ రోజు పనిముట్లన్నీ తుడిచి, నూనె రాసి, పీట మీద పేర్చి పసుపు కుంకుమలు పెడతారు. వాటితో ఆ రోజు పని చేయరు. మా ఆయన ఇంకొకటి కూడా చేసేవారు. పూజయ్యాక, సగంలో ఉన్న గుమ్మమో మంచంకోడో ఏదుంటే దాన్ని నూనె చేత్తో ఒకసారి నిమిరేవారు. మొదలెట్టిన పని చెడకూడదని. ఇవన్నీ మగవాళ్ళ పనులు. మేం పళ్ళెం సర్ది గుమ్మం దగ్గర ఇచ్చేవాళ్ళం. కొట్టు ఊడ్చేటప్పుడు ఉలి అడ్డొస్తే చీపురుతో పక్కకు నెట్టేదాన్నే కానీ చేత్తో తీసిన పాపాన పోలేదు.

ఇవాళ ఏదీ ముట్టుకోకు అని మేధకు చెప్పాను. దానికి పని తొందరగా ఉంది. అయినా నా మొహం చూసి, "ఓకే, వన్ డే. నీ కోసం" అని జిగురు డబ్బాలు తేవడానికి రీనో అనే ఊరు వెళ్ళింది.

షెడ్డులో నేనొక్కదాన్నే. పీట లేదు, బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచాను. ఉలులు, రంపాలు, చిత్రిక ఒక్కొక్కటే నా చేత్తో తీసి తుడిచి నూనె రాశాను. పసుపు పెట్టాను, కుంకుమ పెట్టాను. కాదనడానికి అక్కడ ఒక్క మగవాడు లేడు. డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో నాకు ఒళ్ళు పులకరించింది. కిటికీ పక్కన గోడకు ఎనిమిది పలకలు ఆనించి ఉన్నాయి. మర్నాడు ప్రెస్సులో పెట్టాల్సినవి, పెన్సిలుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసినవి. మా ఆయన చేసినట్టే వాటి ముక్కుల దగ్గర నూనె చేత్తో నిమిరాను. కిటికీ వైపు నుంచి మూడు పూర్తయ్యేసరికి చిన్న సీసాలో నూనె అయిపోయింది. రంగు అంటుతుందని వాటికి బొట్లు పెట్టలేదు. ఎండిన చెక్క నూనెను తాగేసింది. మేధ తిరిగొచ్చేసరికి పైపైన చూస్తే జాడ తెలియడం లేదు. చెప్పాలని నాకూ తోచలేదు. అందులో చెప్పడానికేముంది అనుకున్నాను.

నవంబరు చివర్న కొండ మీద మంచు బాగా పడి జనం రావడం మొదలైంది. కొండ కింద డేల్ అనే ఆయనకు ఒక షాపుంది. తెల్లగడ్డం, చేతులు మాత్రం పనివాడివి. మేధ తయారుచేసిన ఎనిమిది బోర్డులూ చూసి, గోడకు తగిలించుకోవడానికి చాలా అందంగా ఉన్నాయి అన్నాడట. మేధ ఆ ఎగతాళి మింగింది. ఆయనే మళ్ళీ, సరే, మూడివ్వు, వచ్చినవాళ్ళకు అద్దెకిచ్చి చూస్తాను, వారం నిలబడితే ఎనిమిదీ తీసుకుంటాను అన్నాడు. మేధ ఒకటి, మూడు, ఐదు నంబర్లవి ఇచ్చి వచ్చింది.

డిసెంబరు ఆరున డేల్ ఫోన్ చేశాడు. ఒకటో నంబరూ మూడో నంబరూ ముక్కు దగ్గర విచ్చుకుపోయాయి. మేధ తెచ్చి బల్ల మీద పెడితే చూశాను. పాతచెప్పు నోరు తెరిచినట్టు పొరలు రెండుగా ఊడి, లోపలి చెక్క మంచునీళ్ళకు నల్లబడి ఉంది. కొండ మీద వేగంగా పోయేటప్పుడు ఇది ఊడితే మనిషి పోతాడు, నాకు వద్దు అన్నాడట. ఐదో నంబరు ఇంకా ఎవరి దగ్గరో ఉంది, వచ్చాక ఇస్తానన్నాడు. ఆ మాట మేధ సరిగ్గా విననేలేదు.

రెండు రోజులు తూకం మిషన్ ముందు కూర్చుని జిగురు కలిపి కలిపి చూసింది. లెక్కలు రాసుకున్న కాగితాలు తిరగేసింది. మూడో రోజు లేచి, "నాకు రాదు అమ్మమ్మా. అంతే. నాకు ఈ పని రాదు" అంది. వాళ్ళమ్మకు ఫోన్ చేసి, వచ్చేస్తున్నానని చెప్పింది. శనివారం వ్యాన్ తీసుకుని వస్తామని సుమతి అంది.

నేను సంతోషించాను. దాచుకోవడం నాకు ఇష్టం లేదు, సంతోషించాను. కుక్కర్ పెడుతూ కూనిరాగం తీశాను. ఇక కిటికీ దగ్గర నిలబడక్కర్లేదు. ఆ పిల్ల ఎదురుగా మొహం వేలాడేసుకుని కూర్చుంటే, పోనీలే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మేధ షెడ్డు యజమానితో మాట్లాడ్డానికి వెళ్ళింది. డబ్బాలు అట్టపెట్టెల్లో సర్దమని నాకు చెప్పింది. నాకు ఏదైనా చేతికొస్తే దాని మీద ఏముందో చదవందే కింద పెట్టలేను. నేను బడికి వెళ్ళలేదు. మా ఆయన చెక్కల మీద సుద్దతో రాసుకునే పేర్లు, కొలతలు చూసి అక్షరాలు పట్టుకున్నాను. తర్వాత పొట్లాల కాగితాలు, ఆ తర్వాత పుస్తకాలు. ఇంగ్లీషు అక్షరాలు ఫ్రీమాంట్ వంటింట్లో డబ్బాల మీద నేర్చుకున్నాను. వాక్యం చదవలేను, మాటలు పట్టుకోగలను. ఎపాక్సీ డబ్బా వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ పోయాను. వుడ్. క్లీన్. డ్రై. ఆ తర్వాత పెద్ద అక్షరాల్లో నో. దాని పక్కన ఆయిల్.

వంటింట్లో రోజూ చూసే మాట అది. వేలు అక్కడే ఆగిపోయింది.

ఒకటి, రెండు, మూడు. కిటికీ వైపు నుంచి మూడు. ఒకటీ మూడూ ఊడాయి. రెండోది గోడకు ఆనించి నా ఎదురుగా ఉంది.

చేతులు చల్లబడ్డాయి. డబ్బా పెట్టెలో పెట్టి మూత వేశాను. మేధ వచ్చింది, అన్నం తిన్నాం, నేను చెప్పలేదు. చెప్పకపోతే అది మాతో వస్తుంది. చెబితే ఇక్కడే ఉంటుంది, మళ్ళీ కొండెక్కుతుంది, నేను మళ్ళీ విమానాశ్రయంలో దాన్ని వదిలి పోవాలి. ఎవరికీ తెలియదు. జిగురు తప్పు అనుకుంటున్నారు, అనుకోనీ.

శనివారం పదిన్నరకు సుమతి, మా అల్లుడు రామమోహన్ వ్యాన్‌లో వచ్చారు. అల్లుడు మంచిమనిషి, ఎక్కువ మాట్లాడడు, రాగానే టేపు ఎక్కడుందని అడిగి పెట్టెలు అంటించడం మొదలుపెట్టాడు. సుమతి షెడ్డులోకి రావడం అదే మొదటిసారి. చున్నీకి పొట్టు అంటకుండా పట్టుకుని నిలబడింది. తర్వాత మేధ భుజం మీద చెయ్యి వేసింది. ప్రేమగానే వేసింది.

"పోనీలే నాన్నా, ట్రై చేశావు కదా. ఈ వడ్రంగి పనులు మనకెందుకు చెప్పు."

మేధ తల వంచుకుని ఉలులు గుడ్డలో చుడుతోంది. మా ఆయన కూడా అంతే. ఎవరైనా ఓ మాటంటే తల వంచుకుని పనిముట్లు సర్దుకునేవారు. నేను గుమ్మం వెనక నిలబడి వినేదాన్ని. అన్నేళ్ళూ విన్నాను, ఒక్కనాడు ముందుకు రాలేదు.

"మీ నాన్న వడ్రంగి సుమతీ" అన్నాను.

"అమ్మా, ఇప్పుడదంతా..."

"టింబర్ బిజినెస్ కాదు. నువ్వు అందరికీ అలా చెప్పుకుంటావు, నేను ఊరుకున్నాను. తప్పు చేశాను. ఆయన గుమ్మాలు, మంచాలు చేసిన వడ్రంగి. నీ చదువు ఆ పొట్టులోంచి వచ్చింది. ఈ పిల్ల జిగురు బాగానే కలిపింది. పని చెడగొట్టింది నేను."

దసరా సంగతంతా చెప్పాను. డబ్బా తెప్పించి ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను.

మేధ చేతిలో గుడ్డ అలాగే ఉంది. సుమతి నమ్మలేదు.

"దాన్ని వెనకేసుకురావడానికి కథలు చెప్పకమ్మా."

"అయితే రెండో నంబరు తియ్యండి. నేను నూనె రాసిన మూడింట్లో మిగిలింది అదొక్కటే. అది కూడా ఊడుతుంది. దాని పక్కన నాలుగో నంబరు పెట్టండి. అది ఊడదు. ఊడితే నేనే వ్యాన్ ఎక్కి కూర్చుంటాను."

రామమోహన్ టేపు పక్కన పెట్టి రెండు బోర్డులూ బల్ల మీదికి తెచ్చాడు. మేధ గుడ్డలోంచి వెడల్పు ఉలి తీసి బల్ల మీద పెట్టింది. అది సుత్తి అందుకునేలోపల ఉలి నేను తీసుకున్నాను. చీపురుతో నెట్టిన ఉలే అది, మా ఆయనది. ఎంత బరువుందో నాకప్పుడు తెలిసింది. రెండో నంబరు ముక్కు దగ్గర, పొరల మధ్య సందులో ఆనించి, కొయ్యసుత్తితో కొట్టాను. మొదటి దెబ్బ జారింది. రెండోదానికి ఉలి లోపలికి దిగింది. పిడి కిందికి నొక్కితే పై పొర చిరిగిన శబ్దం కూడా లేకుండా లేచొచ్చింది. కింద చెక్క పొడిగా ఉంది, జిగురు పట్టిన ఆనవాలు లేదు. దాని మీద లేత పసుపు చారలు మూడు. నా వేళ్ళ పసుపు.

నాలుగో నంబరు మీద కూడా కొట్టాను. ఉలి దిగలేదు. రామమోహన్ ఇలా ఇవ్వండని తీసుకుని తన బలమంతా పెట్టాడు. అంచు దగ్గర చెక్క పెళ్ళ ఊడింది కానీ పొర విడలేదు. చొక్కాకు చెమట తుడుచుకుని, "ఇది రావట్లేదండీ అత్తయ్యగారూ" అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

మేధ నా వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఫైవ్ డేస్, అమ్మమ్మా. ఫైవ్ డేస్ నన్ను నేను స్టుపిడ్ అనుకున్నా. నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా, రాసేముందు?"

అడగొచ్చు. అడగలేదు. నిన్ననే తెలిసింది, నిన్ననే చెప్పలేదు, నువ్వు ఇంటికొస్తావని ఆశపడ్డాను అని కూడా చెప్పేశాను. అది బయటికి వెళ్ళి మంచులో మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడింది. నేను తలుపు దగ్గరికి పోలేదు, పిలవలేదు. తిరిగొచ్చాక రెండు బోర్డులూ చంకన పెట్టుకుంది.

"డేల్‌కి నువ్వే చెప్పాలి" అంది.

అంతలో సుమతి అడ్డొచ్చింది. ఎవరి తప్పైతే ఏంటి, మాట మాటే, వ్యాన్ తెచ్చాం అంది. మాట క్రిస్మస్‌కి, ఇవాళ పదకొండో తారీఖు అన్నాను. చీర మీద స్వెట్టరు, దాని మీద మేధ పెద్దకోటు వేసుకుని, మేజోళ్ళతో బూట్లు తొడుక్కుని వ్యాన్ ముందుసీట్లో కూర్చున్నాను.

షాపులో డేల్ ముందు రెండు బోర్డులూ పెట్టింది మేధ. నేను వ్యాన్‌లో వస్తూ కూర్చుకున్న ఇంగ్లీషు మాటలు మూడు. మై మిస్టేక్. ఆయిల్. గర్ల్ గుడ్. అవి చెప్పి పసుపుచారలు చూపించాను. మిగతాది మేధ చెప్పింది. ఆయన నన్ను నిలువునా చూశాడు, బూట్ల నుంచి బొట్టు దాకా. నేను తల దించుకోలేదు. ఉలి తీసుకుని నాలుగో నంబరు మీద తనూ ప్రయత్నించాడు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి ఐదో నంబరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అడుగంతా గీతలు, ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. తీసుకున్న కుర్రాడు మూడుసార్లు గడువు పెంచుకుని, కొనుక్కోవచ్చా అని అడిగి పోయాడట.

ఎనిమిదీ తీసుకుంటానన్న మాట పోయింది అన్నాడు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, ఈ నాలుగూ పెట్టుకుంటాను, వీటిల్లో ఒక్కటి ఊడినా నాలుగూ వెనక్కి పంపుతాను అన్నాడు. మేధ సరేనంది. చెయ్యి కలిపేటప్పుడు ఆయన నాకు కూడా చెయ్యి చాపాడు.

అందరం వ్యాన్‌లోనే తిరిగొచ్చాం. షెడ్డు ముందు దిగాక సుమతి అంది, "నాలుగు బోర్డులమ్మా. నాలుగు కూడా ఒక లెక్కేనా?"

"ఒక్క షాపైనా అన్నావు. ఎన్నని నువ్వు అడగలేదు."

అల్లుడు నవ్వబోయి దగ్గాడు. అట్టపెట్టెలు మేధ మళ్ళీ విప్పుతుంటే సుమతి లోపలికొచ్చి గోడ దగ్గర నిలబడింది. కొక్కేనికి ఉన్న చిత్రిక తీసింది. మా ఆయన బొటనవేలు ఆనించే చోట పిడి గుంటపడి ఉంటుంది. సుమతి తన వేలు అందులో పెట్టింది. కాసేపు అలాగే ఉంచి, మళ్ళీ కొక్కేనికి తగిలించింది. చున్నీకి అంటిన పొట్టు దులుపుకోలేదు.

"నువ్వైనా వస్తావా, రావా?" అని నన్నడిగింది.

జనవరిలో విమానం ఎక్కేముందు వస్తానన్నాను. కోపంగా వ్యాన్ ఎక్కింది. చేరగానే ఫోన్ చెయ్యమన్నాను. చూస్తాలే అంది.

వ్యాన్ ఖాళీగా రోడ్డెక్కింది. ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడ్డాను, ఎప్పట్లాగే చేతులు చల్లబడ్డాయి. మలుపు ఇంకా రాలేదు, వెనక లైట్లు కనబడుతూనే ఉన్నాయి. లోపల్నుంచి మేధ పిలిచింది. కొత్తపలక చిత్రిక పడుతున్నా, అటు చివర పట్టుకునేవాళ్ళు కావాలి అంది.

"ముందు చేతులు సబ్బుతో కడుక్కో. టూ టైమ్స్."

రెండుసార్లు కడుక్కున్నాను. చేతులు చల్లగానే ఉన్నాయి. వాటితోనే పలకను గట్టిగా పట్టుకున్నాను.